మైకు సెట్టు వాడి అర్జీ

గౌరవనీయులైన కర్నూలు, వైఎస్సార్ కడప జిల్లాల కలెక్టర్లకు,



సోమవారం సోమవారం కలెక్టరాఫీసులో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో, కడపలో ఈమధ్య ఒక అర్జీ పడింది. కాలేజీ ఫంక్షన్లలో హెవీ మెటల్ అనే అరుపుల సంగీతాన్ని వాయించనీయకూడదనీ, అది వింటే పిల్లలు చెడిపోతారనీ, మత్తుకూ సైతాను పూజలకూ అలవాటు పడతారనీ దాని సారాంశం. కింద ముప్పైకి పైగా సంతకాలు. అందులో ఏడో సంతకం మా అల్లుడిది. ఆ అర్జీకి కారణమైన నలుగురు పిల్లల్లో ఒకడు ఆయన కన్నకొడుకు, నాకు కూతురి కొడుకు. రెండు వారాలుగా ఆ ఇంట్లో తండ్రీకొడుకులకు మాటల్లేవు. నా కూతురు ఫోను చేసి "నాయనా, నువ్వన్నా చెప్పు వానికి" అంటాంది. చెప్పాల్సింది వానికి కాదనిపించి మీకు రాస్తున్నాను.

నేనెవరో చెప్పుకోవాలి. కర్నూలు పాతూర్లో 1983 నుంచి మైకు సెట్టు నడిపినవాణ్ణి. రెండు గొట్టాలు, ఒక అహూజా యాంప్లిఫయరు, ఒక రికార్డు ప్లేయరు, అట్టపెట్టె నిండా రికార్డులు. ఇవన్నీ రిక్షాలో వేసుకుని పెళ్లిళ్లకూ, శ్రీరామనవమికీ, పీర్ల పండగకూ, ఎలక్షన్లకూ తిరిగాను. చెట్టుకొమ్మకు గొట్టం కట్టి తీగ లాగడంలో నాకు మంచి పేరుండేది. తర్వాత క్యాసెట్లొచ్చాయి, సీడీలొచ్చాయి, అందరూ డీజే అడగడం మొదలుపెట్టారు. 2012లో అప్పు చేసి నేనూ బేస్ బాక్సులు కొన్నాను. 2019లో అమ్మేశాను. ఆ ఏడాది చెవి పరీక్ష చేయించుకుంటే డాక్టరు ఒక కాగితం ఇచ్చాడు. గీత బాగానే పోతూ పోతూ 4,000 హెర్ట్జ్ దగ్గర బావిలో పడ్డట్టు దిగిపోయింది. మోత వల్ల పోయిన చెవికి అదే గుర్తంట.

పోయిన వినికిడి ఎట్లుంటుందో చాలామందికి తెలియదు. ఏమీ వినపడకపోవడం కాదది. మనుషులు మాట్లాడేది వినపడుతుంది, ఏమన్నారో తెలియదు. స, ష, త, ఫ లాంటి సన్నటి అక్షరాలు ముందు రాలిపోతాయి. మా ఇంటామె "సంగటి తిన్నావా" అంటే నాకు "అంగటికి పోయినావా" అని వినపడుతుంది. "ఇంగా పోలేదు, సాయంత్రం పోతా" అంటాను. మొదట్లో ఆమె నవ్వేది. ఇప్పుడు నవ్వడం లేదు. ఎడమ చెవిలో రేయింబగళ్లు ఒక కీచురాయి అరుస్తూనే ఉంటుంది, నేను నిద్రపోయినా అది పోదు. శబ్దం అమ్ముకుని పిల్లల్ని చదివించినవాణ్ణి, దాని చేతిలోనే దెబ్బ తిన్నవాణ్ణి. ఈ విషయంలో నా మాటకు ఆ మాత్రం విలువ ఉందనుకుంటాను.

ఇంక ఆ కాలేజీ సంగతి. పేరు వద్దు. వార్షికోత్సవంలో మావాడి జట్టుకు నాలుగు పాటలిచ్చారు. రెండు గిటార్లు, ఒక బేస్ గిటారు, ఒక డ్రమ్ములవాడు. మూడో పాటలో మావాడు గొంతు లోపలి నుంచి గరగరమని అరిచాడు. దాన్ని 'గ్రౌల్' అంటారంట, నేర్చుకోవడానికి ఏడాది పట్టిందంట. ముందు వరసలో ఒక పెద్దాయన లేచి వెళ్లిపోయాడు. నిమిషంలో స్టేజీ మీద కరెంటు ఆగింది. నాలుగో పాట లేదు. మరుసటి రోజు తల్లిదండ్రులను పిలిపించి, నల్ల చొక్కాల గురించీ వాటి మీది పుర్రె బొమ్మల గురించీ గట్టిగా చెప్పి పంపారు.

నెల తిరక్కుండా అదే కాలేజీ గేటు ముందు ఒక మెరవణి అరగంట ఆగింది. ఐచర్ బండి మీద గోడ కట్టినట్టు బాక్సులు. మా మనవడు లోపల క్లాసులో ఉన్నాడు. కిటికీ అద్దాలు గలగలలాడితే పాఠం చెప్పే ఆయన చాక్‌పీసు బల్ల మీద పెట్టి, బండి పోయేదాకా సెల్‌ఫోను చూసుకుంటూ కూర్చున్నాడంట. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం ఆసుపత్రి, విద్యాసంస్థ, కోర్టు చుట్టూ వంద మీటర్ల మేర నిశ్శబ్ద మండలంగా ప్రకటించవచ్చు. అక్కడ పగటిపూట 50 డెసిబెల్స్ దాటకూడదు. ఆ అరగంట మీద అర్జీ పెట్టినవాళ్లెవరూ లేరు. మా అల్లుడితో సహా.

ఈ హెవీ మెటల్ ఏమిటో నాకూ మొదట తెలియదు. మావాడే చెప్పాడు. ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ అనే ఫ్యాక్టరీల ఊరు. అక్కడ టోనీ అయోమీ అని పదిహేడేళ్ల పిల్లవాడు రేకుల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. మానేసే రోజున, ఆఖరి షిఫ్టులో, మిషన్ కింద కుడిచేతి రెండు వేళ్ల కొసలు పోయాయి. వాడు ఎడమచేతి వాటం, కాబట్టి తీగలు నొక్కేది ఆ వేళ్లతోనే. ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్లకు తొడుగులు చేసుకున్నాడు. నొప్పి తెలియకుండా ఉండాలని సన్నటి తీగలు వేసుకున్నాడు, తర్వాత తర్వాత వాటిని వదులు చేసి శ్రుతి కిందికి దించాడు. అట్లా ఆ బరువైన, నేలలోంచి వచ్చినట్టుండే మోత పుట్టింది. 1970లో వాడి జట్టు బ్లాక్ సబ్బాత్ మొదటి రికార్డు వచ్చింది. బేతంచెర్ల, ఎర్రగుంట్ల వైపు బండలు కోసే మిషన్ల దగ్గర వేళ్లు పోగొట్టుకున్నవాళ్లు నాకు తెలుసు. అందులో ఒకడు మా బాక్సులు మోయడానికి వచ్చేవాడు, మూడు వేళ్లతోనే ముడి వేసేవాడు. ఈ కథ విన్నాక ఆ సంగీతం నాకు పరాయిదనిపించలేదు. నచ్చిందని అనను. కొన్ని పాటలు బావున్నాయి, కొన్ని తలనొప్పి.

అర్జీలో పుర్రెలు, నెత్తురు, ప్రళయం అని రాశారు. నిజమే, ఆ పాటల్లో అవి దండిగా ఉంటాయి. అయితే కడప జిల్లావాళ్లు ప్రళయం మాట వింటే ఉలిక్కిపడటం నాకు విచిత్రంగా ఉంది. పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి సమాధి అయిన కందిమల్లాయపల్లె ఆ జిల్లాలోదే. కాలజ్ఞానం చెప్పే తత్వాలు రాత్రంతా తంబుర మీద పాడుతుంటే, లోకం ఎట్లా తలకిందులవుతుందో, ఎన్ని ఊళ్లు పాడవుతాయో ఒళ్లో పిల్లల్ని పెట్టుకుని విన్నాం. వీరభద్రుడి ముందు వీరణం మోగుతుంటే ఖడ్గాలు చదువుతూ ఊగేవాళ్లను చూశాం. దక్షుడి తల తెగిపడే ఘట్టం దగ్గర ఆ గొంతు ఎట్లుంటుందో, మావాడి గ్రౌల్ ఎట్లుంటుందో, రెండూ విన్నవాణ్ణి నేను. తెలుగు తెలియని వాడికి ఏది ఏదో చెప్పడం కష్టం.

ఇక కర్నూలు కలెక్టరు గారికి దేవరగట్టు సంగతి వేరే చెప్పనక్కరలేదు. హొళగుంద మండలంలో దసరా రాత్రి మాళ మల్లేశ్వరస్వామి కల్యాణం అయ్యాక ఉత్సవమూర్తుల కోసం ఊళ్లకు ఊళ్లు ఇనుప రింగులు తొడిగిన కర్రలతో దిగుతాయి. దివిటీల వెలుగులో పగిలిన తలలకు పసుపు పూసుకుని మళ్లీ పోతారు. ఏటా పదులమందికి గాయాలవుతాయి. మీరేం చేస్తారు? పోలీసుల్ని దించుతారు, కెమెరాలు పెట్టిస్తారు, కొండ కింద వైద్య శిబిరం వేయిస్తారు. పండగను ఆపలేక కాదు, ఆపితే ఏమవుతుందో తెలుసు కాబట్టి. దెబ్బ తగిలే చోట మందు పెట్టుకుని నిలబడతారు. ఆ తెలివే ఇక్కడా కావాలంటున్నాను.

అమెరికాలో ఈ గొడవ మనకంటే నలభై ఏళ్ల ముందే అయింది. 1985 సెప్టెంబరులో వాళ్ల సెనేటు కమిటీ ముందు పెద్దింటి తల్లులు కొందరు పాటలతో పిల్లలు పాడవుతున్నారని చెప్పారు, గాయకులు వచ్చి కాదని వాదించారు. చివరికి క్యాసెట్ల మీద తల్లిదండ్రులకు హెచ్చరిక అని ఒక చీటీ పడింది. ఆ చీటీ ఉన్నదే కావాలని పిల్లలు అడిగి కొనుక్కున్నారని మావాడు నవ్వుతాడు, నేను అంగట్లో కూర్చున్నవాణ్ణి కాబట్టి నమ్ముతాను. జూడస్ ప్రీస్ట్ అనే జట్టు మీద ఏకంగా కేసే నడిచింది. నెవాడా రాష్ట్రంలో ఇద్దరు కుర్రవాళ్లు ప్రాణం తీసుకోబోయారు. ఒకడు అక్కడికక్కడే పోయాడు, రెండోవాడు మూడేళ్లకు పోయాడు. పాటలో ఆ పని చేయమనే రహస్యపు మాటలు దాగి ఉన్నాయని ఇళ్లవాళ్లు కోర్టుకెక్కారు. 1990లో జడ్జి మొత్తం విని, జట్టు బాధ్యత లేదని కేసు కొట్టేశాడు. బిడ్డ పోయిన తల్లికి ఎవరో ఒకరు దోషి కావాలి. ఆమెను నేను తప్పు పట్టను. కాకపోతే ఆ విచారణలో ఆ పిల్లల తాగుడూ, ఇంట్లో దెబ్బలూ, బడిలో పడ్డ కష్టాలూ బయటికొచ్చాయి. పాట కంటే ముందు నుంచీ ఉన్నవి అవి.

అంతా మంచే అని మాత్రం నేను రాసివ్వను. నార్వేలో 1990ల మొదట్లో ఈ సంగీతంలోని ఒక తెగవాళ్లు పాత చెక్క చర్చిలు తగలబెట్టారు. 1993లో ఒక సంగీతకారుడు ఇంకొక సంగీతకారుణ్ణి పొడిచి చంపి జైలుకెళ్లాడు. అర్జీలో ఇదీ ఉంది, దాచిపెట్టడం ఎందుకు. కానీ ఒక్క మాట. రాయలసీమ వాళ్లం మనం. 1999లో సమరసింహారెడ్డి, 2002లో ఇంద్ర, ఆది వచ్చినప్పటి నుంచీ కడప అంటే బాంబులు, కర్నూలు అంటే వేటకొడవళ్లు. మా కూతురికి సంబంధం చూస్తున్న రోజుల్లో కోస్తావాళ్లొకరు "మీ వైపు సుమోలు నిజంగానే గాల్లో లేస్తాయాండీ?" అని అడిగారు, హాస్యానికే అనుకోండి. నలుగురు ఫ్యాక్షనిస్టులను చూపి అందరినీ ఆ గాటనే కట్టేస్తే ఎట్లుంటుందో మనకంటే తెలిసినవాళ్లెవరు? నల్ల చొక్కా వేసిన పిల్లవాణ్ణి చూసి మనమూ అదే చేస్తే ఎట్ల సామీ?

ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయం వాళ్లు 2015లో ఒక పరీక్ష ఫలితం వెల్లడించారు. ఇట్లాంటి సంగీతమే వినే 39 మందిని, 18 నుంచి 34 ఏళ్లలోపు వాళ్లను, ముందు కోపం తెప్పించే సంగతులు మాట్లాడించారు. తర్వాత సగం మందిని తమకిష్టమైన పాటలు పది నిమిషాలు వినమన్నారు, సగం మందిని ఊరకే కూర్చోబెట్టారు. పాట విన్నవాళ్ల కోపం పెరగలేదు. ఊరకే కూర్చున్నవాళ్లతో సమానంగా చల్లారారు, పైగా హుషారుగా ఉన్నారు. 39 మంది అంటే మా వీధి చివరి టీ కొట్టు దగ్గర నిలబడేంత మంది, పైగా అందరూ ముందే ఆ పాటలకు అలవాటుపడ్డవాళ్లు. దాన్ని పట్టుకుని ఇది మందు అని చెప్పను. విషం అని చెప్పడానికి మాత్రం నాకు ఆధారం దొరకలేదు.

చదివింది చాలదనిపించి, మొన్న మావాడితో ఒక మెటల్ కచేరీకి బెంగళూరు పోయాను. అల్లుడికి తెలియదు, ఇది చదివితే తెలుస్తుంది. 2011 అక్టోబరు 30న అదే ఊళ్లో ప్యాలెస్ మైదానంలో మెటాలికా అనే మెటల్ జట్టు వాయించినప్పుడు మా అంగట్లో పనిచేసే కుర్రవాడొకడు వెళ్లొచ్చి, వారం రోజులు అదే చెప్పాడు. అప్పుడు నేను వానికి సెలవు జీతం కోశాను. ఇప్పుడు నేనే కర్నూల్లో బస్సెక్కాను. ఊరు దాటి చిన్నటేకూరు దగ్గరికి వచ్చేసరికి నా గుండె కొట్టుకోవడం నాకే తెలిసింది. 2025 అక్టోబరు 24 తెల్లవారుజామున హైదరాబాదు నుంచి బెంగళూరు పోయే బస్సు అక్కడే కాలిపోయింది, నిద్రలో ఉన్నవాళ్లు ఎందరో పోయారు. పిల్లవాణ్ణి కచేరీకి పంపే తల్లిదండ్రులు భయపడాల్సిందేదన్నా ఉంటే మొదట అది. మావాడు కిటికీకి తల ఆనించి నిద్రపోతున్నాడు. నేను పోలేదు.

అది చిన్న హాలు. నాలుగైదు వందలమంది, దాదాపు అందరూ నల్ల చొక్కాలే. బీరు తాగేవాళ్లున్నారు, లేరని అబద్ధం చెప్పను. నేను చెవుల్లో దూది కుక్కుకుంటుంటే మావాడు "దూది పనికిరాదు తాతా, ఇవి పెట్టుకో" అని రబ్బరు బిరడాలు ఇచ్చాడు. వాని చెవుల్లోనూ ఉన్నాయి. పక్కన ఒకమ్మాయి చెవుల్లోనూ ఉన్నాయి. ఇన్నేళ్ల వ్యాపారంలో నేను ఒక్కరోజు పెట్టుకోలేదు, నా దగ్గర పనిచేసినవాళ్లకు ఒక్కరికీ ఇవ్వలేదు. వాయించడం మొదలయ్యాక స్టేజీ ముందు పిల్లలు గుండ్రంగా ఖాళీ చేసుకుని ఒకరినొకరు తోసుకుంటూ తిరిగారు. నాకు దేవరగట్టే గుర్తొచ్చింది, కర్రలు లేవంతే. ఒకడు జారి పడ్డాడు. నేను గోడకు అతుక్కుపోయాను, తొక్కేస్తారనుకుని. పడినవాడు నేలను తాకీ తాకకముందే నాలుగు చేతులు వాణ్ణి లేపాయి. ఇంకొకడి బూటు ఊడిపోయింది. దాన్ని ఎవరో తీసి, పాట జరుగుతున్నంతసేపూ చెయ్యెత్తి పట్టుకుని నిలబడ్డాడు. దాని సొంతదారు కుంటుకుంటూ వచ్చి తీసుకునేదాకా దించలేదు. ఆ ఎత్తిన బూటు చూశాక నా భయం సగం పోయింది.

మిగిలిన సగం పోలేదు. ఎందుకంటే నా కళ్లు సౌండ్ బల్ల మీదికే పోతాయి. అక్కడ కూర్చున్నవాడి పక్కన మోత కొలిచే మీటరు ఒకటి వెలుగుతోంది. అంకె వంద చుట్టూ తిరుగుతోంది. అర్జీ పెట్టినవాళ్లు మాటల్లో, బొమ్మల్లో వెతికిన చెడుపు ఆ అంకెలో ఉంది.

అది ఎట్లాగో మైకు సెట్టు వాడిగా చెప్తాను, కాస్త ఓపిక పట్టండి. 85 డెసిబెల్స్ మోతలో ఎనిమిది గంటలు పనిచేయవచ్చని అమెరికాలో వృత్తి భద్రత, ఆరోగ్యాల జాతీయ సంస్థ (నియోష్) లెక్క. అక్కడి నుంచి మూడు పెరిగినప్పుడల్లా ఉండగలిగే సమయం సగమవుతుంది. 88కి నాలుగు గంటలు, 91కి రెండు, 94కి ఒకటి. 100కి వచ్చేసరికి పదిహేను నిమిషాలు. 106కి నాలుగు నిమిషాలు కూడా లేదు. మన చెవి లోపల నత్తగుల్లలో పదిహేను వేల దాకా సన్నని వెంట్రుక కణాలుంటాయి. చచ్చినవి మళ్లీ మొలవవు. కోడికి మొలుస్తాయంట, మనిషికి మొలవవు.

ఇంకొక లెక్క ఉంది, అది పండగ కమిటీల వాళ్లకు ఎవరూ చెప్పరు, చెప్తే బాడుగ పోతుంది. పక్క వీధివాళ్లు ఎనిమిది బాక్సులు పెట్టారని మన వీధివాళ్లు పదహారు అడుగుతారు. బాక్సులు రెండింతలైతే పెరిగేది మూడు డెసిబెల్స్. వినేవాడి చెవికి అది 'కొంచెం పెరిగిందే' అనిపిస్తుంది, అంతే. రెండింతలు మోగినట్టు అనిపించాలంటే పది డెసిబెల్స్ పెరగాలి, అంటే పది రెట్ల పవరు కావాలి. కాబట్టి డబ్బు రెండింతలు, మోత ఇంచుమించు అదే. కానీ చెవికున్న గడువు మాత్రం కచ్చితంగా సగానికి పడిపోయింది. నేను ఇదంతా తెలిసే బాక్సులు అద్దెకిచ్చాను. పాతూర్లో ఒక పెళ్లికి గొట్టం కడుతుంటే పక్కింటి బాలింత గడపలో నిలబడి "అన్నా, బిడ్డ నిద్రపోతాంది, కొంచెం అటు తిప్పన్నా" అంది. "ఒక్కరోజే కదమ్మా" అన్నాను. అట్లాంటి ఒక్కరోజులు ఎన్ని చేశానో లెక్కలేదు.

కర్నూల్లో వినాయక చవితి ఉత్సవాల తొమ్మిదో రోజు నిమజ్జనానికి బొమ్మలన్నీ కేసీ కాలువ మీది వినాయక ఘాట్‌కు కదులుతాయి. బాక్సులు అమ్మేసినా చూడకుండా ఉండలేను, ప్రతి ఏడూ పోయి నిలబడతాను. పోయినసారి ఒక బండి ముందు ఒకతను రెండేళ్ల బిడ్డను భుజాల మీద ఎక్కించుకుని ఎగురుతున్నాడు. బాక్సుకూ బిడ్డకూ మధ్య రెండు బారలు లేదు. బిడ్డ రెండు చేతులతో చెవులు మూసుకుంది. ఆయన ఆ చేతులు లాగి చప్పట్లు కొట్టించాడు. బిడ్డ మళ్లీ మూసుకుంది. ఆయన మళ్లీ లాగాడు. ప్రేమతోనే. ఆరుబయట దూరం రెండింతలైతే ఆరు డెసిబెల్స్ తగ్గుతుంది, నాలుగడుగులు వెనక్కి జరిగినా ఆ బిడ్డకు మేలే. నేను వెళ్లి చెప్పాను. నా మాట ఆయనకు వినపడలేదు, ఆయన అన్నది నాకు వినపడలేదు.

బండి మీద ఉన్నవాళ్ల సంగతి ఎవరూ తలవరు. బాక్సుల వెనక జెనరేటర్ పక్కన కూర్చుని మిక్సరు తిప్పే పిల్లోళ్లకు పంతొమ్మిది, ఇరవై ఏళ్లుంటాయి. మధ్యాహ్నం నుంచి తెల్లారిందాకా అక్కడే. సీజన్లో ఒకటి తర్వాత ఒకటి, చవితి, దసరా, పెళ్లిళ్లు, లీడర్ల పుట్టినరోజులు. చాలామంది ఇంటర్ ఆపేసినవాళ్లు. మెటల్ వినే కాలేజీ పిల్లవాడి కోసం ముప్పై సంతకాలు పడ్డాయి. వీళ్ల కోసం ఒక్కటీ లేదు. పన్నెండు నుంచి ముప్పై ఐదేళ్ల లోపు వాళ్లలో వంద కోట్ల మందికి పైగా పెద్ద శబ్దాలు వినడం వల్ల చెవులు పోగొట్టుకునే ప్రమాదంలో ఉన్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. నా దగ్గర పనిచేసిన ఒకడికి ఇప్పుడు ముప్పై ఒకటి. ఫోనులో వాడూ నేనూ మాట్లాడుకుంటే మా ఇంటామె బయటికి లేచిపోతుంది, ఇద్దరం అరుచుకుంటామని.

హైదరాబాదులో 2024 అక్టోబరు 1న పోలీసు కమిషనరు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను నిషేధిస్తూ ఉత్తర్వు ఇచ్చారు. ఇక్కడా అట్లా చేయండని నేను అడగను. ఆ బండ్ల మీద అప్పులున్నాయి, ఆ అప్పుల వెనక ఇళ్లున్నాయి, నాకు తెలుసు. మీ చేతిలో ఉన్నది వాడితే చాలు. 2000 నిబంధనల్లో 'అధికారి' అన్న మాటకు ఇచ్చిన అర్థంలో జిల్లా మేజిస్ట్రేటు ఉన్నారు, అంటే మీరే. రాతపూర్వక అనుమతి లేకుండా మైకు పెట్టకూడదు. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా అసలే కూడదు, పండగలకు రాష్ట్ర ప్రభుత్వం ఏడాదిలో పదిహేను రోజులకు మించకుండా అర్ధరాత్రి దాకా సడలించవచ్చు. మైకు పెట్టిన బహిరంగ స్థలం హద్దు దగ్గర మోత ఆ ప్రాంతపు పరిమితి కంటే పది డెసిబెల్స్ లేదా మొత్తం 75, ఏది తక్కువైతే అది దాటకూడదు. ఇవన్నీ అనుమతి కాగితం మీద అచ్చయి ఉంటాయి. కాగితం నేను ఎన్నోసార్లు తీసుకున్నాను. మీటరు పట్టుకుని నా బండి దగ్గరికి వచ్చినవాణ్ణి ఇన్నేళ్లలో చూడలేదు.

కాబట్టి ప్రతి స్టేషనుకూ ఒక మీటరు ఇప్పించండి, వాడటం నేర్పించండి, చవితి ముందు పెట్టే శాంతి కమిటీ సమావేశంలో దాన్ని బల్ల మీద పెట్టి అందరికీ చూపించండి. సంగీతం వినడానికి వచ్చినవాళ్ల దగ్గర పదిహేను నిమిషాల సగటు 100 దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో హాళ్లకూ కచేరీలకూ ఒక ప్రమాణం పెట్టింది. చెవి బిరడాలు అందుబాటులో ఉంచాలనీ, కాసేపు చెవికి విశ్రాంతినిచ్చే చోటు ఉండాలనీ అందులోనే ఉంది. బాక్సుల ముందు తాడు కట్టి మనుషుల్ని దూరంగా నిలబెట్టడానికి ఖర్చేముంది? 2025లో వినాయక మండపాలకు ప్రభుత్వం కరెంటు ఉచితంగా ఇచ్చింది, సంతోషం. ఆ కరెంటు ఏ చెవుల్లోకి పోతోందో కూడా చూస్తే బాగుంటుంది. డీజే బండ్ల మీద పనిచేసే పిల్లోళ్లను ఏడాదికొకసారి కర్నూలు పెద్దాసుపత్రికీ కడప రిమ్స్‌కూ పిలిపించి చెవి పరీక్ష చేయించండి. గీత బావిలో పడకముందే వాళ్లకు ఆ కాగితం చూపించాలి. నాకు చూపించేసరికి 2019 అయింది.

ఇక ఆ అర్జీ. దాన్ని చింపేయమని అడగను, మా అల్లుడు భయపడి సంతకం చేశాడు, భయం తప్పేమీ కాదు. బదులుగా ఆ నలుగురు పిల్లలకు ఒక ఆదివారం సాయంత్రం కడపలో ఏదైనా ఒక మైదానం ఇప్పించండి. వాళ్లకు ఇంకొక పాట బాకీ ఉంది. మీరిద్దరూ రావాలి. మీటరు నేను తెస్తాను, మిక్సరు దగ్గర నేనే కూర్చుంటాను, అంకె 95 దాటితే నేనే తగ్గిస్తాను, మనవడని చూడను. మీ ఇద్దరికీ చెరొక జత బిరడాలు పక్కన పెడతాను. అల్లుడికి ఫోను చేసి చెప్పాను. వస్తానన్నాడు, సంతకం మాత్రం వెనక్కి తీసుకోనన్నాడు. "సరే, వెనక వరసలో కూర్చో అల్లుడూ, దూరం రెండింతలైతే ఆరు తగ్గుద్ది" అన్నాను. "ఏంది మామా?" అన్నాడు. ఈసారి వినపడంది ఆయనకు.

ఇట్లు,
పాత మైకు సెట్టు వాడు,
కర్నూలు పాతూరు.